పోయిన రోజు

"ఆ రోజు వద్దు! ఇంకే రోజైనా పెట్టించుకో తల్లీ... ఆ ఒక్క రోజు మాత్రం వద్దు!"

ఆ కేకకి వంటింట్లో పాలు పొంగి పొయ్యి మీద పడుతున్నా ఎవరూ కదల్లేదు. నెలలు నిండిన పొట్టతో కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్న బుజ్జి, డాక్టరమ్మ రాసిచ్చిన చీటీ చేతిలో పట్టుకుని తల్లి మొహంకేసి చూస్తూ ఉండిపోయింది. బిడ్డ కడుపులో అడ్డం తిరిగింది. ఆపరేషను తప్పదు. డాక్టరమ్మ ఇచ్చిన తేదీ ఫిబ్రవరి పందొమ్మిది. అది దాటితే ఆవిడ ఊళ్ళో ఉండదు, ఎవరో కొత్త డాక్టరు చేతిలో పడాలి. మొదటి నెల నుంచీ చూసిన చెయ్యే కావాలని బుజ్జి పట్టుదల. అందులో తప్పేముంది? తప్పంతా ఆ తారీఖుదే!

"అమ్మా, అది నీ పుట్టినరోజు!" అంది బుజ్జి. "ఇంకో ఇంట్లో అయితే అమ్మమ్మ పుట్టినరోజునే పాపాయి వస్తోందని ఎగిరి గంతులేసేవాళ్ళు. నువ్వేమో శిక్ష పడిన తారీఖు విన్నట్టు..."

"అది మా నాన్న పోయిన రోజే! నేను భూమ్మీద పడ్డాను, ఆయన పోయాడు. ఆ రోజున పుట్టి నేను మోసింది చాలు. మళ్ళీ నీ కడుపున పుట్టేది కూడా అదే రోజున పుట్టి..." ఆపైన మాట రాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అంటే? నా బిడ్డ నన్ను మింగుతుందనా నీ భయం?"

"ఎవరన్నారే ఆ మాట!"

"నువ్వే అన్నావు. అనకుండానే అన్నావు." బుజ్జి కుర్చీ చేతుల మీద బలం వేసి బరువుగా లేచింది. కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. "నేను మా అత్తగారింటికి పోతాను. అక్కడ తారీఖులకి జడుసుకునేవాళ్ళు ఎవరూ లేరు!"

వంటింట్లోంచి మసిగుడ్డ చేత్తో పట్టుకుని బుజ్జి తండ్రి బయటికి వచ్చాడు. బస్సు డ్రైవరుగా రిటైరైన మనిషి. ముప్ఫై ఏళ్ళు నలభైమంది ప్రయాణికుల పోట్లాటల మధ్య నిదానంగా బండి నడిపిన అలవాటు ఇంట్లోనూ పోలేదు. "పాలు పోయాయి," అన్నాడు. "ఇప్పుడు కూతురూ పోతానంటోంది. ఈ ఇంట్లో పోవడం తప్ప రావడం అనే మాటే లేదా టీచరమ్మగారూ?"

ఎవరూ నవ్వలేదు.

వీధి వీధంతా ఆమెను టీచరమ్మ అనే పిలిచేది. వాళ్ళ వంశంలో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి. లెక్కలు చెప్పింది. గ్రహాలూ లేవు, గాలీ ధూళీ లేవు, రుజువు లేని మాట నమ్మకండర్రా అని పిల్లలకి బల్ల గుద్ది చెప్పింది. కానీ తన పుట్టినరోజు దగ్గరికి వచ్చేసరికి ఆ చదువంతా ఏ గంగలో కలిసేదో! ఎందుకంటే అది పుస్తకంలో చదివిన భయం కాదు, పదేళ్ళ వయసులో నలుగురిలో నెత్తిన పడిన మాట!

ఆనాడు ఎవరిదో పెళ్ళి. రిబ్బన్లు కట్టుకుని అమ్మ పక్కన కూర్చున్న ఆమె గడ్డం, ఎక్కడినుంచో వచ్చి ఒక పొడుగాటి మనిషి పట్టుకుంది. నాన్నకి అక్క. అందరూ గంటత్త అనేవారు, ఆ గొంతు అలాంటిది మరి! "నువ్వు పుట్టిన రోజే కదే మావాడు పోయిందీ!" అంది గంటత్త. పెళ్ళివారంతా ఇటు తిరిగారు. ఎవరో 'అయ్యో పాపం' అన్నారు, ఇంకెవరో 'తండ్రిని మింగిన పిల్ల' అని గొణిగారు. అమ్మ లేచి, మాట్లాడకుండా ఆమె రెక్క పుచ్చుకుని బయటికి నడిచింది. ఆ తరువాత గంటత్త మొహం వాళ్ళు చూడలేదు.

అయినా అమ్మా తనూ ఉండే ఆ ఒంటి గదిలో ఎంత చల్లని రోజులుండేవి! ఇప్పుడు తలుచుకుంటే కుట్టుమిషను చప్పుడే ముందు వినిపిస్తుంది. అమ్మ తొక్కుతుంటే, మిషను కింద చాప మీద బోర్లా పడుకుని ఆమె ఎక్కాలు అప్పజెప్పేది. తప్పు చెప్తే మిషను ఆగేది, ఒప్పు చెప్తే నడిచేది. నూనె వాసన, కొత్తగుడ్డ వాసన, కిటికీలోంచి పక్కింటివాళ్ళ రేడియో పాట... అచ్చాఫీసులో అక్షరాలు పేర్చే పనిచేసిన నాన్న, గోడ మీద ఫొటోలో మెడ కొంచెం పక్కకి వాల్చి వాళ్ళనే వింటున్నట్టుండేవాడు. ఏడాదికి ఒక్క రోజు, ఫిబ్రవరి పందొమ్మిదిన, ఆ మిషను నోరు మూసుకునేది. అమ్మ కిటికీ మూసి, ఫొటోకేసి కూడా చూడకుండా, గోడవైపు తిరిగి పడుకునేది. ఆ రోజు పిల్ల తన అడుగుల చప్పుడు తనకే వినపడకుండా తిరిగేది. కానీ మర్నాడు లేచేసరికి దిండు పక్కన ఏదో ఒకటి తప్పకుండా ఉండేది. ఓ గౌను, పెన్సిలు డబ్బా, ఓసారి ఎర్ర గొడుగు! "నిన్న ఇద్దామనుకున్నానే, మర్చిపోయా," అనేది అమ్మ, మొహం పక్కకి తిప్పుకుని. ప్రతి ఏడూ మర్చిపోయేది అమ్మ! ప్రతి ఏడూ మర్నాడు గుర్తొచ్చేది...

ఆ అమ్మ కూడా వెళ్ళిపోయింది. అడగడానికి ఇక ఎవరున్నారు?

"అసలు ఆ రోజే పోయాడని రుజువేంటమ్మా?" గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండానే అడిగింది బుజ్జి. "రుజువు రాయకపోతే లెక్కకి సున్నా వేసేదానివి కదా, నాక్కూడా!"

"మునిసిపల్ ఆఫీసులో అడిగానే ఒకప్పుడు. ఆ తారీఖు కింద నాన్న పేరే లేదు. ఆ రోజుల్లో అందరూ రాయించేవాళ్ళు కాదమ్మా అన్నారు."

డ్రైవరుగారు మసిగుడ్డ భుజాన వేసుకున్నాడు. "మీ అమ్మ ఇంటి కాగితాల మీద కోర్టు ముద్ర ఉండేదే, గుర్తుందా? మీ నాన్న వాటా వీలునామా ద్వారా వచ్చిందని. వీలునామా కోర్టుకెక్కిందంటే, దాన్ని ఖాయం చెయ్యమని వేసే ప్రొబేటు పిటిషను ఉంటుంది. మనిషి ఏ రోజు, ఎక్కడ పోయాడో అందులో రాయకుండా ఏ జడ్జీ ఊరుకోడు. బతికున్నవాడి వీలునామాతో కోర్టుకేం పని?"

"మీకెలా తెలుసు ఇవన్నీ?"

"మా అన్నదమ్ముల కేసులో నేను చదివిన కాలేజీ అదే కదా!" అని కూతురి వైపు తిరిగాడు. "డాక్టరమ్మకి శనివారం లోపల చెప్తే చాలన్నావుగా. అప్పటిదాకా ఆ పెట్టె సర్దకు తల్లీ. మీ అమ్మ లెక్క మళ్ళీ ఒకసారి వేసి చూద్దాం."

 బుజ్జి పెట్టె తియ్యలేదు.

*

రికార్డు రూము కోర్టు భవనం అడుగున ఉంది. నాలుగు మెట్లు దిగగానే పాత కాగితం వాసన గుప్పుమంది. ఇనప అరలు, అరల నిండా గుడ్డ చుట్టి తాడు కట్టిన కట్టలు. ముక్కుకి చేతిరుమాలు కట్టుకున్న రికార్డు కీపరు దరఖాస్తు చదివి, "రండమ్మా, కూర్చోండి. ఇక్కడ చచ్చినవాళ్ళంతా క్షేమంగానే ఉంటారు. బతికున్న మాకే దుమ్ము పడదు," అని తుమ్మాడు.

ఏడాది చెప్పమన్నాడు. ఆమె తను పుట్టిన సంవత్సరం చెప్పింది. ఆ ఏటి వీలునామా కేసుల పట్టిక పైనుంచి కిందిదాకా వేలు పెట్టి చూశారు. నాన్న పేరు లేదు. ఆమె చేతిసంచీ తీసుకుని లేచింది. "లేదులెండి... పోదాం పదండి," అంది భర్తతో.

"కోర్టు బండి ఎప్పుడు టైముకి వచ్చింది టీచరమ్మగారూ? తరువాతి ఏడాది కూడా చూడమనండి."

"ఆయన పోయింది ఆ ఏడాది అయితే, ఆ ఏటి పట్టికలో లేనిది తరువాతి పట్టికలో ఎలా ఉంటుందండీ?"

"చూస్తే మన సొమ్మేం పోయింది?"

తరువాతి ఏడాది పట్టికలో, నాలుగో పేజీలో, నాన్న ఉన్నాడు! ఇంటిపేరుతో సహా, పక్కనే 'అచ్చుయంత్రశాలలో కంపోజిటరు' అని కూడా. ఇనప అరల మధ్య ఎవరో తనను చిన్నపిల్లలా పేరు పెట్టి పిలిచినట్టు ఆమె ఒళ్ళు ఝల్లుమంది.

కట్ట విప్పారు. పిటిషను వేసింది గంటత్త! వీలునామా జరిపించే బాధ్యత తమ్ముడు ఆమె మీదే పెట్టాడు. పిటిషనులో తేదీలు చాలానే ఉన్నాయి. వీలునామా రాసింది ఒకటి, కోర్టులో దాఖలు చేసింది ఒకటి. లెక్కల టీచరు కదా, ఒక్కొక్కదాని కింద వేలు పెట్టి వరసగా చదువుకుంటూ వచ్చింది. 'మరణించిన తేదీ' అన్నచోట వేలు ఆగిపోయింది.

జనవరి ఆరు. ఆమె పుట్టిన తరువాతి సంవత్సరం జనవరి ఆరు!

"ఇది తప్పు," అంది. "ఇది రాసినవాళ్ళు పొరపాటు పడ్డారు."

"అమ్మా, దీనికి డాక్టరు సర్టిఫికేటు కూడా జత చేసి ఉంది," అన్నాడు రికార్డు కీపరు, మెల్లగా. "కొండ మీద క్షయ ఆసుపత్రిలో పోయారు."

ఆ కాగితం కింద ఇంకో కాగితం ఉంది. సాక్షి వాంగ్మూలం. అడుగున వంకర టింకరగా అమ్మ సంతకం! ఎక్కడ చూసినా గుర్తుపట్టగల ఆ సంతకం, మిషను కుట్టులా ముందుకు వాలి... ఆమె కళ్ళజోడు తుడుచుకుని చదివింది.

'ప్రశ్న: నీ భర్త ఏ రోజున పోయినాడు?
జవాబు: ఫిబ్రవరి పందొమ్మిదిన.
ప్రశ్న: పిటిషనులో జనవరి ఆరు అని ఉన్నదే?
జవాబు: అది ప్రాణం పోయిన రోజు. మనిషి పోయింది నేను చెప్పిన రోజే.
ప్రశ్న: పోవడమంటే చనిపోవడమా, ఇల్లు విడిచి వెళ్ళడమా?
జవాబు: నాకు రెండూ ఒకటే.
(సాక్షి ఏడ్చినది. మంచినీళ్ళు ఇవ్వబడినవి.)'

ఆ తరువాత ఆమెకు అక్షరాలు కనిపించలేదు.

*

కోర్టు వెనక మెట్ల మీద కూర్చుని ఆమె ఏడ్చిన ఏడుపు ఇంతా అంతా కాదు! దారినపోయేవాళ్ళు కేసు ఓడిపోయిందేమో పాపం అనుకుంటూ వెళ్ళారు. 

"అయితే ఆయన చచ్చిపోలేదు! బతికే ఉండి పోయాడు... నేను పుట్టిన రోజునే గడప దాటి పోయాడు! ఆడపిల్ల పుట్టిందని విని పోయాడండీ! ఆ జబ్బు తరువాతెప్పుడో వచ్చుంటుంది. దాదాపు ఏడాది ఒకే గాలి పీల్చాం ఇద్దరం, ఒక్కసారి... ఒక్కసారి వచ్చి ఎత్తుకోలేదు. ఇంతకన్నా చచ్చిపోయాడనుకున్నప్పుడే నయం! అప్పుడు నా జాతకాన్ని తిట్టుకునేదాన్ని. ఇప్పుడు ఎవర్ని తిట్టుకోను?"

డ్రైవరుగారు ఊరడించే ప్రయత్నం చెయ్యలేదు. కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, వీలునామా నకలు చదువుతూ కూర్చున్నాడు. కాసేపటికి, "ఇక్కడ చూడు," అన్నాడు.

"నేను చూడను."

"అయితే విను. 'నా వాటా ఇల్లు నా భార్యకును, ఆమె తరువాత, పేరు పెట్టకమునుపు నేను చూచిన నా కుమార్తెకును చెందవలెను.' చూచిన అన్నాడే! ఇంట్లోంచి పారిపోయినవాడు ఎప్పుడు చూశాడు నిన్ను?"

ఆమె ఏడుపు మధ్యలో ఆగింది. కాగితం లాక్కుని చదివింది. మళ్ళీ చదివింది. అక్షరాలు పేర్చే వృత్తి నాన్నది. ఒక్కొక్క సీసపు అక్షరం వేళ్ళతో ఏరి పేర్చే మనిషి, అవసరం లేని మాట ఒక్కటి పెడతాడా? 'చూచిన'. ఎప్పుడు చూశాడు? ఎక్కడ చూశాడు? ఎత్తుకోకుండా చూడటమేమిటి?

ఈ ప్రశ్నకి జవాబు తెలిసిన మనిషి ఈ లోకంలో ఒక్కతే మిగిలింది. ఆ మనిషి తన గడ్డం పట్టుకున్న వేళ్ళు ఇప్పటికీ చర్మానికి గుర్తున్నాయి...

*

పిటిషనులోని చిరునామా పట్టుకుని వాకబు చేస్తూ వెళితే, సైకిళ్ళు బాగుచేసే షాపు మీద ఒంటి గది. తలుపు తీసే ఉంది. తొంభైకి దగ్గరపడిన గంటత్త కిటికీ దగ్గర కూర్చుని, పాత స్వెట్టరు ఒకటి ఊడదీసి ఉన్ని ఉండ చుడుతోంది. ఎంత పొడుగు మనిషి, ఎలా ఒదిగిపోయింది!

"ఎవరదీ? గట్టిగా చెప్పు. చెవులు నాకంటే ముందే పోయాయి."

"నేను అత్తయ్యా... నీ తమ్ముడి కూతుర్ని."

ఉన్ని ఉండ తిరగడం ఆగింది. ముసలి కళ్ళు ఆమె మొహం మీద చాలాసేపు వెతికాయి. "ఆ ముక్క చెప్పడానికి ఇంత ముసలిదానివయ్యేదాకా ఆగావుటే?" అంది గంటత్త, అదే గొంతుతో. కింద షాపులో సుత్తి చప్పుడు ఒక్క క్షణం ఆగిపోయింది. "ఆ వెనకాల నిలబడ్డది మీ ఆయనేనా? కూర్చోమను. కొట్టనులే."

టీచరమ్మ కూర్చోలేదు. దారిపొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ మర్చిపోయింది. నకలు కాగితం చేతిలో నలుగుతుండగా, "నాన్న నన్ను చూశాడా అత్తయ్యా?" అని మాత్రం అడిగింది.

గంటత్త కిటికీవైపు తిరిగింది. మాట్లాడటం మొదలుపెట్టినప్పుడు ఆ గొంతులో గంట లేదు.

"నేను అప్పుడు ఆ కొండాసుపత్రిలో ఆయాని. చూడటానికొచ్చినవాళ్ళు ఇక వెళ్ళాలని గంట కొట్టే పని కూడా నాదే. అందుకే కదే నాకీ పేరు! మావాడు రుమాల్లో దగ్గి దాచుకుంటుంటే పట్టుకుని లాక్కుపోయాను డాక్టరు దగ్గరికి. నువ్వు పుట్టే ముందు రోజు. ఆయన చూసి, ఇంటికి పోవద్దు, పసిబిడ్డ పుడితే దరిదాపులకి పోవద్దు, ఇక్కడే మంచం ఇస్తాను అన్నాడు. ఆ రోజుల్లో ఆ జబ్బంటే ఊరు ఊరే పారిపోయేది."

"అమ్మకి తెలుసా?"

"చెప్పనిస్తేనా! 'అక్కా, దానికి తెలిస్తే పచ్చి బాలింత పసిదాన్ని చంకనేసుకుని కొండెక్కి వచ్చేస్తుంది. వెళ్ళిపోయాడు, మంచివాడు కాదు అని చెప్పు. తిట్టుకుంటే తిట్టుకోనీ. తిట్టుకుంటూ బతుకుతారు ఇద్దరూ,' అన్నాడు. ఒట్టు వేయించుకున్నాడే నా చేత..." గంటత్త ఉన్ని దారం వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది. "తెల్లారి పురిటాసుపత్రిలో నువ్వు పుట్టావు. మీ అమ్మ అలిసిపోయి నిద్రపోతోంది. నేను నిన్ను గుడ్డలో చుట్టి కిటికీ దగ్గరికి తీసుకొచ్చాను. వాడు బయట తోటలో నిలబడ్డాడు. చలికి గాజు మీద వాడి ఊపిరి ఆవిరి పట్టింది. చేత్తో తుడిచాడు. మళ్ళీ పట్టింది. మళ్ళీ తుడిచాడు... అలా ఎన్నిసార్లు తుడుచుకుని చూశాడో నిన్ను!"

టీచరమ్మ గోడకి చేరబడి అలాగే కిందికి జారి కూర్చుండిపోయింది.

"ఇక పోతానక్కా అన్నాడు గాజు అవతలినుంచి. పోతాననకూడదురా, వెళ్ళొస్తానను అని కసిరాను. 'అబద్ధమెందుకక్కా?' అన్నాడు. నవ్వాడు కూడా వెధవ!"

టీచరమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. 

"తరువాతైనా అమ్మకి చెప్పలేదా అత్తయ్యా?"

"వాడు కళ్ళు మూసిన మర్నాడే పోయి చెప్పాను. అంతా విన్నది. విని, 'కట్టుకున్నవాడికి ఆఖరున ఇన్ని మంచినీళ్ళిచ్చే హక్కు నాది. అది నువ్వు లాక్కున్నావు. నీ ఒట్టు నువ్వు నిలబెట్టుకున్నావు, నా మనిషిని నాకు లేకుండా చేశావు. నాకు ఆయన ఆ రోజే పోయాడు, పో!' అని తలుపు వేసింది. నేనేం జవాబు చెప్పనే? అది అన్నదీ నిజమే. వాడు చెప్పిందీ నిజమే. నడుమ నేనొక్కదాన్నే అబద్ధమయ్యాను. ఆసుపత్రిలో మిగతా అందరికీ టైముకి గంట కొట్టేదాన్ని. మావాడి మంచం దగ్గర కొట్టే పనే పడలేదు. ఎవరొచ్చారని లేపి పంపించను?"

"మరి ఆ పెళ్ళిలో... నలుగురిలో నన్ను ఆ మాట..."

"ఏ మాట?" గంటత్త నిజంగానే తెల్లబోయింది. 

"నువ్వు పుట్టిన రోజే మావాడు పోయాడని! తండ్రిని మింగిన పిల్లనని నేను బతుకంతా..."

"ఓసి నా తల్లీ!" ముసలామె రెండు చేతులూ నోటి మీద పెట్టుకుంది. "మింగడమేమిటే? నిన్ను చూడగానే అచ్చం వాడి మొహమే! మెడ కూడా వాడిలాగే పక్కకి వాల్చి చూశావు. నువ్వు పుట్టిన రోజే మావాడు కొండ మీదకి పోయాడే, నిన్ను కళ్ళారా చూసే పోయాడే అని చెప్పబోయాను. నా నోరు పెద్దది, మాట సగమే బయటికొచ్చింది. మిగతా సగం చెప్పేలోపల మీ అమ్మ నిన్ను లాక్కుపోయింది. ఆ సగం మాటని పట్టుకునా నువ్వు ఇన్నాళ్ళూ..."

సగం మాట! సగం మాట కింద ఒక బాల్యం, ఒక్కటంటే ఒక్కటి చేసుకోని పుట్టినరోజులు, కన్నకూతురితో తగువు... టీచరమ్మకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. అమ్మ గోడవైపు తిరిగి పడుకున్నది పిల్లమీద కోపంతో కాదు! వెళ్ళిపోయిన మనిషికోసం ఒక్క రోజు అట్టేపెట్టుకుని, పుట్టిన పిల్లకి మర్నాడు ఇచ్చేసింది. మర్చిపోవడం కాదది... రెంటినీ కలపలేక విడదీసుకుంది పిచ్చి అమ్మ! ఆ ఎర్ర గొడుగు కళ్ళముందు విచ్చుకున్నట్టయింది.

ఆమె మోకాళ్ళ మీద పాకుతూ వెళ్ళి గంటత్త ఒళ్ళో తల పెట్టుకుంది. "నన్ను బతికించడానికి నువ్వు దూరమైపోయావు అత్తయ్యా! నీకొక్క మంచి మాట చెప్పినవాళ్ళు లేరు. అమ్మ తరఫున, నాన్న తరఫున నేను..."

"తరఫేమిటే తరఫు, ఇదేమైనా కోర్టా?" అని కసిరింది గంటత్త. కానీ ఆ చెయ్యి నెరిసిన తల మీద నిమురుతూనే ఉంది, నిమురుతూనే ఉంది...

గుమ్మంలో డ్రైవరుగారు గోడవైపు తిరిగి గట్టిగా ముక్కు చీదాడు. "దుమ్ము," అన్నాడు. "పాడు రికార్డు రూము దుమ్ము ఇంకా వదల్లేదు."

అక్కడినుంచే టీచరమ్మ కూతురికి ఫోను చేసింది. "బుజ్జీ, గంటత్త ఇంట్లోంచి చేస్తున్నా. డాక్టరమ్మకి చెప్పెయ్యి తల్లీ. పందొమ్మిదో తారీఖే! నా పుట్టినరోజున నా మనవరాలో మనవడో నాకు కావాలి. నీ మీద ఒట్టు, సంతోషంగా చెప్తున్నాను... లెక్క తప్పు చేశానే. రుజువు చూసి దిద్దుకున్నాను."

అవతల బుజ్జి ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "పాలు కాచి ఉంచనా?" అని మాత్రం అడిగింది. "ముగ్గురొస్తున్నారా, ఇద్దరేనా?"

*

ఫిబ్రవరి పందొమ్మిది. ఆడపిల్ల! అడ్డం తిరిగిన పిల్ల బయటికి మాత్రం నిలువునా అరుస్తూ వచ్చిందని నర్సు చెప్పింది. 

పసిపిల్లల గదికి పెద్ద అద్దం ఉంది. గంటత్తను డ్రైవరుగారు చక్రాల కుర్చీలో తీసుకొచ్చి ఆ అద్దం ముందు ఆపాడు. టీచరమ్మ లోపలినుంచి గుడ్డలో చుట్టిన పిల్లని ఎత్తి చూపించింది. గంటత్త మొహం అద్దానికి ఆనించి చూస్తోంది. గాజు మీద ఊపిరి ఆవిరి పట్టింది. ఆమె కొంగుతో తుడిచింది. మళ్ళీ పట్టింది...

టీచరమ్మ ఇక చూడలేకపోయింది. నర్సుని బతిమాలి, తలుపు తీసుకుని బయటికే వచ్చేసింది. "ఒళ్ళో పెట్టుకో అత్తయ్యా."

"వద్దే! ఏ దగ్గో పడిశమో ఉంటుంది నాకు. అద్దంలోంచి చూశాగా, చాలు. మాకు అలవాటే."

"నీకే జబ్బూ లేదని నిన్న డాక్టరు చూసి చెప్పాడుగా! పట్టుకో. మన ఇంట్లో ఇక అద్దాల్లోంచి చూసుకోవడాలు లేవు."

పిల్ల ఒళ్ళోకి చేరింది. గంటత్త ఊపిరి బిగపట్టి, పక్కకి తిరిగి వదిలి, మళ్ళీ బిగపట్టి చూసుకుంది. పిల్ల మెడ కొంచెం పక్కకి వాల్చి, ఎవరో పిలిస్తే వింటున్నట్టు కళ్ళు మూసుకునే ఉంది.

"ఇవాళ నా పుట్టినరోజు అత్తయ్యా," అంది టీచరమ్మ. పుట్టి బుద్ధెరిగాక ఆ మాట నోరు తెరిచి అనడం అదే మొదలు!

"నాకు చెప్తావుటే? అమ్మకన్నా ముందు నిన్నెత్తింది నేను!"

సాయంత్రానికి అందరూ బుజ్జి గదికి చేరారు. నడవాలో దీపాలు వెలిగాయి. చూడటానికి వచ్చినవాళ్ళు వెళ్ళాలని ఎక్కడో గంట మోగింది. గంటత్త ఉలిక్కిపడి తల ఎత్తింది. పిల్లని తల్లి పక్కన పడుకోబెట్టించి, బుజ్జి నుదురు నిమిరి, కుర్చీ తిప్పమని డ్రైవరుగారికి సైగ చేసింది.

"ఇక పోతానే."

టీచరమ్మ చక్రానికి కాలు అడ్డం పెట్టింది. "పోతాననకూడదత్తయ్యా. వెళ్ళొస్తానను."

"ఈ వయసులో అబద్ధమెందు..." అనబోయి గంటత్త ఆగిపోయింది. ఆ మాట ఎవరిదో గుర్తొచ్చింది కాబోలు. మంచం మీది పసిదాన్ని ఒకసారి, ఎదురుగా కన్నీళ్ళతో నవ్వుతున్న ముసలి మేనకోడల్ని ఒకసారి చూసింది. ఆ తరువాత, ఆ నడవా అంతా ఖంగుమనేలా, పక్క గదుల్లో వాళ్ళు తొంగి చూసేలా, పెద్ద గొంతుతో అంది:

"వెళ్ళొస్తానే! రేపు పొద్దున్నే వస్తాను!"